ఎడమ చెవిది

చుట్టుగుంట సెంటర్లో నా షాపు.
ఏ ఫోను విప్పినా ముందు తుమ్మొస్తుంది.
స్పీకరు జల్లెడలో కారం,
ఛార్జింగు బొక్కలో కారం.
లక్ష పోసి కొన్నదైనా
పదకొండు వేలదైనా
మా గుంటూరు ఫోను లోపల ఎర్రగానే ఉంటుంది.
బ్రష్షుతో దులుపుతాను, నూటయాభై తీసుకుంటాను.

కొత్త మోడలు దిగిన రోజు
బ్రాడీపేట షోరూము ముందు
తెల్లారకముందే కుర్రాళ్ళు బారులు తీరతారు.
నేనూ వెళ్ళి చూసొస్తాను, అబద్ధమెందుకు.
కెమెరా ఈ మూల నుంచి ఆ మూలకి జరిగింది.
పాత నీలానికే కొత్త పేరు పెట్టారు.
మరలకి మాత్రం నా స్క్రూడ్రైవర్లేవీ పట్టవు.
నిజంగా కొత్తది అదొక్కటే.

జోజిరెడ్డికి ఇవన్నీ చెప్పాను.
యార్డులో ఎగుమతి కంపెనీకి సరుకు చూసే కుర్రాడు.
విన్నాడు, వెళ్ళి కొన్నాడు.
ఫోను, దానికి జోడీగా ఇయర్‌ఫోన్లు,
పద్దెనిమిది నెలల వాయిదాలు.
"బయటి గోలంతా మింగేస్తుందన్నా" అంటూ
డబ్బీ తెరిచి చూపించాడు,
కొత్త కమ్మలు చూపించినట్టు.
రెండు క్వింటాళ్ళ తేజ, అనుకున్నాను,
రెండు చెవుల్లో.

ఫిబ్రవరిలో
టిక్కీలు రోడ్డు మీదకి పొంగిన రోజున
రాశిలో చెయ్యి పెట్టి కాయ చూడబోతూ
తుమ్మాడు.
ఎడమ చెవిది జారిపోయింది.
అంత ఎరుపులో అంత తెలుపు కనపడదా అనుకుంటాం.
కనపడలేదు.

నన్ను పిలిచాడు, నేనేదో మంత్రగాణ్ణైనట్టు.
ఫోనులో ఒక మీట ఉంది, నొక్కితే పోయింది కూస్తుందట.
నొక్కాం.
హమాలీల కేకలు, లారీల హారన్లు,
కాటా దగ్గర అరకేజీకి తగాదా.
ఇందులో ఆ కోడిపిల్ల కూత ఎవరికి చేరుతుంది?
గోలని మింగేదాన్ని
గోలే మింగేసింది.

సాయంత్రానికి
తొడిమలు తీసే ఆడవాళ్ళ షెడ్డులో దొరికింది.
శేషారత్నం దోసిట్లో పట్టుకొచ్చింది.
"కాయలో పురుగనుకున్నా, అరుస్తా ఉంది."
ఎంతని అడిగింది. చెప్పాడు.
పదిమంది చేతులు ఒక్కసారి ఆగిపోయాయి.
"పాటలు వినటానికా?"
"వినటానికే. ఏమీ వినపడకుండా ఉండటానికి కూడా."
నవ్వారు. దగ్గుతో కలిసిన నవ్వు.
"దానికి మా అత్తకి పైసా ఖర్చు కాలేదబ్బాయ్."

ఏమనుకున్నాడో జోజిరెడ్డి
రెండోది కూడా తీసి ఇచ్చాడు.
పైటచెంగుతో తుడిచి పెట్టుకుంది.

ముందు భయపడింది.
గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు వెనక్కి తిరిగి చూసింది.
తర్వాత
కాయలకి అలవాటు పడ్డ వేళ్ళు
ఒళ్ళో మెల్లగా విచ్చుకున్నాయి.
"నా గుండె కొట్టుకుంటంది!" అంది,
షెడ్డంతా ఉలిక్కిపడేంత గట్టిగా.
అంత గట్టిగా అన్నానని తనకి తెలీదు.
మేస్త్రి కేకేశాడు. వినపడలేదు.
భుజం తట్టాడు.
"ఉండయ్యా," అంది కళ్ళు తెరవకుండా,
"ఇంకాసేపు."

దులపమని రెండూ నా దగ్గర వదిలి
జోజిరెడ్డి అడిగాడు:
"ఇప్పుడు చెప్పన్నా, ఆ డబ్బుకి తగిందేనా?"
వేళకి తుమ్మొచ్చింది, తప్పించుకున్నాను.

షట్టరు సగం దించి
నేనూ పెట్టుకు చూశాను.
సెంటరు సెంటరంతా వెనక్కి నడిచిపోయింది.
ఆటోలు లేవు, బస్సులు లేవు, నేనొక్కణ్ణే ఉన్నాను.
బాగానే ఉంది, అనబోయాను.
ఎడమ చెవి భగ్గుమంది.

ఎంత దులిపినా కొంత మిగులుతుంది.
ఆవిడకి మండలేదా అని
ఇంతవరకూ అడగలేదు.