పట్టూ విడుపూ

విరగ్గొట్టడం నా ఉద్యోగం.
ఇరవై తొమ్మిదేళ్లుగా, మురోరాన్ రేవుకు పైన
కొండవాలు మీది ప్రయోగశాలలో,
రెండు ఉక్కు దవడల మధ్య లోహపు ముక్కను బిగించి
తెగేదాకా లాగుతాను.
తెగిన చప్పుడు విని
ఏ లోహమో కళ్లు మూసుకుని చెప్పగలను.

రాగి నిట్టూరుస్తుంది.
మెత్తటి ఉక్కు నడుము సన్నం చేసుకుని
చాలాసేపు బేరమాడి, చివరికి సరే అంటుంది.
ఇదొక్కటే,
మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం,
పుల్ల విరిచినట్టు
ఫట్.
గ్రాఫు కాగితం మీద గీత ఇంకా పైకి లేస్తుండగానే
మాట మధ్యలో ఎవరో ఫోను పెట్టేసినట్టు ఆగిపోతుంది.

దీన్ని కరిగించి తెచ్చేవాడు తోమియాసు.
పొట్టి మనిషి. ముంజేతుల మీద పాత నిప్పురవ్వల మచ్చలు.
"బలం లేక కాదు, కువబారా గారూ," అంటాడు ప్రతిసారీ,
పరీక్ష తప్పిన పిల్లాణ్ని వెనకేసుకొచ్చే తండ్రిలా.

నిజమే, బలం లేక కాదు.
వేడెక్కితే వంగడం లోహాలకు అలవాటు.
ఇది ఎర్రబడేకొద్దీ బిగుసుకుంటుంది.
నాలుగొందల డిగ్రీలు, ఐదొందలు, ఆరొందలు,
మెట్టు మెట్టుకీ పట్టు పెంచుతుంది.
నిప్పుల్లో నిలబడే ఈ మొండిఘటం
చల్లటి గదిలో, నా చేతిలో, రెండు ముక్కలు.

విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టాను.
ఒలిచిన దానిమ్మ.
ఒక్క గింజా చిట్లలేదు.
గింజకూ గింజకూ నడుమనే ఊడివచ్చింది.
ఒకే గింజను వేలెడంత పెంచి లాగి చూస్తే
దంచిన మోచీ ముద్దలా సాగింది!
తప్పు గింజలో లేదు.
పక్కన ఇంకో గింజ ఉండటంలో ఉంది.

జూన్‌లో సముద్రపు మంచు కొండెక్కుతుంది.
ఓడలు కనబడవు, బూరలే వినబడతాయి.
ఆ నెల ముక్కలన్నీ మరీ తొందరగా పోయాయి.
నా పుస్తకంలో పొడి రోజులూ తడి రోజులూ
పక్కపక్కన రాసుకుని చూశాను.
గాలిలోని తేమ లోహాన్ని తాకి చీలి,
అందులోని హైడ్రోజన్
ఆ సందుల్లోకే జారి కూర్చుంటుందట.
పెద్దలు రాసిపెట్టిన సంగతే.
అయినా ఆ రోజు లేచి వెళ్లి
కిటికీ గడియ రెండుసార్లు తడిమి చూశాను.

శరత్కాలంలో తోమియాసు
ఒక నల్లటి పొడి తెచ్చాడు, కాగితం పొట్లంలో.
బోరాన్. వెయ్యి పాళ్లకు ఒక పాలు.
"ఇది గింజల్లోకి దూరదు. సరిహద్దులో కూర్చుంటుంది.
ఒక షరతుంది మాత్రం,
అల్యూమినియం నాలుగో వంతుకు పిసరు తక్కువుండాలి.
లెక్క సరిగ్గా సరిపోయిందా,
ఈ పొడి కూడా ఏమీ చెయ్యలేదు."
లెక్క సరిపోతే విరిగేదాన్ని
నేనెక్కడా చూడలేదు.

లాగాను.
గీత లేచింది. వంగింది. ఆగలేదు.
పది శాతం.
నా టీ చల్లారింది.
ఇరవై.
తోమియాసు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఎందుకో అతనికీ తెలిసుండదు.
ముప్పై ఐదు దాటాక తెగింది.
ఆ చప్పుడు నాకు కొత్త.
కళ్లు మూసుకుని ఉంటే
పేరు చెప్పలేకపోయేదాన్ని.

అప్పుడేదో అనబోయాను,
పక్కపక్కన బతికే వాళ్ల గురించి,
మధ్యలో కూర్చునే చిటికెడు దేని గురించో.
"మనుషుల మీదకు తేకండి," అన్నాడు తోమియాసు.
"ఇది నికెల్."

రెండు ముక్కల్నీ ఎదురెదురుగా పెట్టి
కలిపి చూశాడు.
కలవలేదు.
వెనకటి పెళుసు ముక్కలైతే
అతుకు కూడా కనబడకుండా ఇట్టే కలిసేవి.
ఇవి సాగాయి కదా,
దేని అంచు దానికే మారిపోయింది.

ఇంకా పదకొండు ముక్కలున్నాయి డబ్బాలో.
బయట ఎక్కడో ఓడ బూర.
తరవాతి దాన్ని బిగించాను.