నల్లజీడి గుర్తు

నెలకో సోమవారం మెస్సు మూత.
ఆ రోజు ట్రిప్లికేన్ మేన్షన్ మూడో అంతస్తు మిద్దె మీద
మా ఆరుగురి తెల్లచొక్కాలకీ చాకిరేవు.

తెల్లచొక్కా అనేది మాటవరసకి.
గోంగూర చిందింది ఒకచోట,
గిరాకీ వేళ గరిటె జారిన పప్పుచారు ఇంకోచోట,
చంకల్లో పసుపు, మెడపట్టీ మీద జిడ్డు.
రోజూ సబ్బుతో రుద్దుతూనే ఉంటాం.
రోజూ తెల్లగానే కనబడుతుంది,
ట్యూబులైటు కింద.

మొన్న మేనేజరు ఎండలోకి పిలిచి చూశాడు.
"ఇది తెలుపా?"
పదహారు బల్లలు వింటుండగా ఉతికి ఆరేశాడు,
చొక్కాని కాదు.

వంటమనిషి పెంచలయ్య నాయన
పెన్న ఒడ్డున రేవు పట్టినవాడు.
"సబ్బు పైపైన పలకరించి పోద్ది అబ్బయా,
లోపల పీట వేసుకుని కూర్చున్నదాన్ని
లేపాలంటే నానాల.
బోరునీళ్ళు వద్దు, ఉప్పు.
తెల్లారి మెట్రో నీళ్ళు పట్టి పెట్టు.
చెయ్యి పెడితే అబ్బా అని తీసేంత వేడి ఉండాల.
చాకలి సోడా నాలుగు పిడికిళ్ళు,
వెలిగారం రెండు,
నాటుమందుల కొట్లో వెంగారం అని అడుగు, ఇస్తాడు.
సోడాలో నిమ్మకాయ పిండబాక.
రెండూ బుసబుసా పొంగి, కొట్టుకుని చస్తాయి,
మిగిలేది వట్టి నీళ్ళు.
నిమ్మకాయా ఉప్పూ తుప్పుమరక మీదికి,
అదీ విడిగా, ఎండలో."

నీలం డ్రమ్ములో చొక్కాలు మునిగాయి.
గంట సేపు ఏమీ లేదు.
తర్వాత నీళ్ళు పల్చటి టీ అయ్యాయి.
తర్వాత చారు.
తర్వాత, దానికి పేరు లేదు.

ఆరు తలకాయలు డ్రమ్ములోకి వంగాయి.
"మాల్యాద్రిదే, వాడే కదా బీడీలు కాల్చేది."
"పో మస్తానూ, పప్పు కంపు కొడతా ఉంది, నీదే."
నేను విరిగిన మంచం కోడుతో కలుపుతున్నాను.
ఇదంతా నిన్నటిదాకా ఒంటి మీద వేసుకుని
"ఇంకాస్త నెయ్యి వెయ్యమంటారా" అంటూ వంగాం.

పారబోస్తే తూము గొంతు పట్టలేక
రెండో అంతస్తు వరండాలో కక్కింది.
"ఎన్నయ్యా ఇదు!" అని కింద నుంచి కేక.
మూడు నీళ్ళు జాడించాం.
సముద్రపు గాలికి ఆరు చొక్కాలు
చేతులు బారచాపి ఊగాయి.

సాయంత్రం మడతపెడుతూ చూశాను.
మెడపట్టీ లోపల బాల్‌పెన్నుతో రాసుకున్న నా "ర" లేదు.
అది ఉండాల్సిన చోట
జిడ్డు పొర కింద నుంచి లేచి వచ్చిన గుర్తు:
ఒక ఇంటూ, పక్కన అరచందమామ.
నల్లజీడి. గుడ్డ చిరిగినా అది చెరగదు.
ఏనాడో మెస్సు బట్టలు చాకలికి వేసే రోజుల్లో పెట్టింది.

కొత్త యూనిఫారం అని
మొదటి జీతంలో నాలుగువందల యాభై కోసుకున్నారు నా దగ్గర.

మస్తాన్ తన చొక్కా తిప్పాడు. రెండు గుర్తులు.
మాల్యాద్రికి ఒకటి.
పెంచలయ్యకి మూడు, ఒకదాని మీద ఒకటి.
అన్నీ లెక్కేశాం.
ఆరు చొక్కాలు, పదకొండు మంది.
మేం ఆరుగురం ఆ లెక్కలో లేం.

ఇంటూ అరచందమామ ఎవరిదని అడిగాను.
పెంచలయ్య చాలాసేపు గోడ చూశాడు.
"ఎడంచేత్తో వడ్డించే ఆయనొకడు ఉండే.
తినేవాళ్ళు తిట్టేవాళ్ళు. మార్చుకోలేకపోయె.
పేరు నోటికి రావడంలా."

అప్పుడు అర్థమైంది,
కుడిచేతి వాటం నాకు
ఎడమ చేతి అంచు దగ్గర
గుడ్డ అంత పల్చబడింది ఎందుకో.

మంగళవారం పదకొండింటికి
మళ్ళీ ఎండలో నిలబెట్టాడు మేనేజరు.
"ఇదీ తెలుపంటే."
నేను మెడపట్టీ మడిచి చూపించాను.
వంగి చూశాడు. వేలితో ఒకసారి రుద్దాడు.
"ఏదో మరకలే, పోతుంది."
పోదు సార్, అన్నాను.

మూడో బల్ల దగ్గర ఎవరో అన్నం అడిగారు.