నొప్పుల బండి

పొదిలి దాటి కొనకనమిట్ల దారిలో
పంచరు వేస్తూ చెప్పాడు కుర్రాడు:
"పాత కార్లు కొంటారంట గదా సార్,
మా ఊళ్ళో ఒకటుంది.
దాంట్లో కోళ్ళు పడుకుంటాయి.
నొప్పుల బండంటారు, ఎందుకో నాకు తెలవదు."

పొగాకు కాల్చడం మానేసిన బేరన్ అది.
పైరేకులు ఎవరో పట్టుకుపోయారు.
లోపల చిల్లమొక్కలు, కందికట్టె గుట్ట.
కట్టె లాగేకొద్దీ
ముందొక గుండ్రటి కన్ను, అద్దం పోయి,
తర్వాత ముక్కు, ఆ తర్వాత
ఎండకి పొలుసులు లేచిన నీలం.
లాండ్‌మాస్టర్.

నెల్లూరు ట్రంకురోడ్డులో పదిహేనేళ్ళుగా ఇదే నా బేరం.
రేకుని వేలితో కొడితే చాలు
తుప్పు ఎంతదాకా తిన్నదో చెబుతాను.
కొట్టాను.
లోపల్నించి ఒక పెట్ట కసిరింది.
వెనకనించి ఇంకో గొంతు:
"నన్నడిగి కొట్టు అబ్బయ్యా."

ఎస్తేరమ్మ.
ఈ నేల నీళ్ళు తాగితాగి
బయటికి వంగిపోయిన మోకాళ్ళు.
ఆమె ఇంటి తలుపుకి గడియ లేదు,
దాని బదులు కారు స్టార్టింగ్ హ్యాండిల్.

అలవాటు కొద్దీ సగానికి సగం తగ్గించి
"నలభై వేలు" అన్నాను.
ఆమె వినలేదు, లేదా విననట్టుంది.
"మిషను ఆసుపత్రి డాక్టరమ్మ
సీమకి పోతా పోతా జీతం బాకీ కింద ఇచ్చింది.
ముసి ఏటి ఇసకలో నేర్చుకున్నా తోలడం.
రెండుసార్లు దిగబడింది. మూడోసారి నేను దిగబడలా."

మంచం కింది నించి రెక్సిన్ గుడ్డ విప్పి
ఒక పుస్తకం తీసింది.
ఊరు. జాము. ఆడా మగా. ఇచ్చింది ఏంది.
రెండు మానికల సజ్జలు.
కోడిపుంజు, కుంటిది.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
దోవలోనే, వెనక సీట్లోనే పుట్టినోళ్ళకి
పక్కన పెన్సిలుతో చిన్న చక్రం.

"నువ్వు యాడ పుట్టావు?"
"పామూరు పక్కన. ఉప్పెన వచ్చిన ఏడు."
కళ్ళజోడు పైటతో తుడుచుకుని
వేలు పెట్టి, పేజీ పేజీ, పైనించి కిందికి.
నేనెందుకు ఊపిరి బిగబట్టానో నాకే తెలీదు.
ఇన్ని చక్రాల్లో
ఒక్కటి నాది కాకపోతుందా అని కాబోలు.

"లేవబ్బయ్యా. పామూరు మనవైపు కాదు."
పుస్తకం మూసేసింది.

కాసేపటికి తనే అంది:
"కొంటే కొను, మానితే మాను.
ముందు ఒక్కసారి హారను మోగిచ్చు.
ముప్పై ఏళ్ళయింది విని."

మోటారుసైకిలు బ్యాటరీ విప్పి
రెండు తీగలు తగిలించాను.
కీచుమంది. దగ్గింది.
ఉన్నట్టుండి బేరన్ గోడలు పట్టనంత గొంతు!
కోళ్ళు ఎగిరి చిల్లచెట్లెక్కాయి.

ఎదురింట్లోంచి ఒక ముసలామె,
పైట నడుముకి బిగిస్తూ
నడకా కాని పరుగూ కాని అంగలతో వచ్చి
గోడ పట్టుకుని నిలబడింది:
"ఎవురికమ్మా నొప్పులు?"

ఎస్తేరమ్మ నవ్వలేదు.
"ఎవురికీ లేదులే రమణమ్మా, పో.
నీళ్ళు కాచబాక."

ఆ రెండు తీగలూ విప్పడానికి
నాకు చాలాసేపు పట్టింది.