తాడు తొవ్వ

పాలమూరు టేషన్ వెనక, గూడ్స్ షెడ్డు దాటినంక
నల్లరాతి చర్చి పడమటి గోడకు
రెండు వేళ్లు పట్టేంత బొక్క ఒకటుంది.
వందేండ్ల పండుగ కమిటీ
దాన్ని సిమెంటుతో పూడ్చాలని తీర్మానించింది.
ఖర్చు: నూట యాభై రూపాయలు.
కమిటీలో నేనూ ఉన్నాను.
చెయ్యి ఎత్తలేదు. వద్దనీ అనలేదు.
కలం మూత తిప్పుతూ కూర్చున్నాను.

రిజిస్టరు నా దగ్గరే ఉంది, చెదలు తిన్నంక మిగిలింది.
మొదటి పుటలో బాప్తిస్మం: రైలు ఇంజనీరు కూతురు.
నాలుగో పుటలో సమాధి: అదే కూతురు, పదకొండు నెలలు.
ఆ రెండు పుటల నడుమ
ఒక్క ఎండాకాలం.

లెక్కల పుస్తకం వేరే.
కొవ్వొత్తులు, ద్రాక్షారసం, గంటకు తాడు, చెదల మందు,
ఆ కింద ప్రతి నెలా తప్పకుండా
‘పంకా కూలీ, మూడు రూపాయలు హాలీ’.
పేరు రాసే జాగ ఉంది.
పేరు లేదు.

ఆ కూలీ మా ముత్తాత, గువ్వల ఆశన్న.
ఇది కాగితం చెప్పలేదు,
చింతపండు గింజలు తీస్తూ మా నాయనమ్మ రాహేలమ్మ చెప్పింది.

లోపల సాయంకాలపు ఆరాధన, దొరలు, దొరసానులు,
ఇస్త్రీ బట్టల మీద చల్లగాలి.
బయట అరుగు మీద, కుంకే ఎండలో
తాడు కాలి బొటనవేలికి చుట్టుకొని ఆశన్న.
గుంజుడు, ఇడుసుడు. గుంజుడు, ఇడుసుడు.
ఆ బొక్కలోంచి తాడు లోపలికి పోయేది,
వాక్యం బయటికి వచ్చేది.

అతనికి ఇంగ్లీషు రాదు.
ఎప్పుడు మోకరిస్తున్నారో బెంచీల కిర్రు చెప్పేది.
పట్టుబడ్డ మాట ఒక్కటే, ఆమెన్:
తాడు వదిలి
ఒక్క ఊపిరి నిండుగా తీసుకోవచ్చని.
మా ఇంట్లో ఆ మాటకు ఇప్పటికీ అదే అర్థం.

ఒకనాడు ప్రసంగం పొడుగైంది, కన్నంటుకుంది.
పంకా ఆగింది.
దేవుని ఉగ్రత గురించి చెప్తున్న పిన్రోసు పాదిరి
చెమట కండ్లల్ల పడి వరుస మరిచిండట,
బయటికొచ్చి...
ఇక్కడ నాయనమ్మ ఎప్పుడూ ఒక్క తీరు చెప్పలేదు.
ఒకసారి, బూటుకాలితో తన్నిండు.
ఒకసారి, పక్కన చతికిలబడి తాడు తానే గుంజిండు,
ఇద్దరూ పకపక నవ్విండ్రు.
జ్వరంతో మంచంల ఉన్న చివరి వారం అడిగితే
‘రెండూ అయినయి, పో బిడ్డా’ అన్నది.

జ్వరాల ఏడు సమాధి పుటలు చాలక
వేరే కాగితాలు కుట్టిండ్రు.
బెంచీలు ఖాళీ అయినంక
మనోళ్లకు తెలుగు ఆరాధన మొదలైంది.
ఆశన్న మొదటిసారి తలుపుల నుంచి లోపలికి పోయిండు.
బలిపీఠం దిక్కు చూడలేదట.
తల ఎత్తి పైకి చూసిండు:
పొడుగు కట్టె, మడతల గుడ్డ, అంచుకు ఎర్రకుచ్చు.
‘ఇన్నేండ్లు నేను గుంజింది గిదా!’

రిజిస్టరులో ఆనాటి పేరు అబ్రాహాము.
తండ్రి పేరు దగ్గర గీత.
తండ్రికి పేరు ఉండె. అడగలేదు.

ఈ పొద్దున మేస్త్రీ వచ్చిండు, వడ్డె దుర్గయ్య.
తట్టలో సిమెంటు కలిపి,
పూడ్చే ముందు దుమ్ము తీద్దామని బొక్కలో వేలు పెట్టి
అట్లే ఆగిపోయిండు.
కింది అంచు
చెవి తమ్మె తీరు నున్నగా ఉంది.
‘మేడం, ఇది ఉలితో కొట్టిన నునుపు గాదు,
గుంజిన నునుపు.
నల్లరాయి గిట్ల అరగాలంటే...’
లెక్క ఆయన పూర్తి చేయలేదు.

పోయి అన్నం తినిరా దుర్గయ్యా, అన్నాను.
ఇంకా పది గాలేదు మేడం, అన్నడు.
అయినా పోయిండు.

తట్టలో సిమెంటు గట్టిపడుతోంది.