మూడున్నర మీటర్లు

పో నది పొగమంచు నాకంటే ముందొచ్చి
తూర్పు గ్యాలరీలో కూర్చుంది, టికెట్ కొనకుండా.
టేపు, సుద్దముక్క, మున్సిపాలిటీ కాగితాలు పట్టుకుని నేను.
కూల్చే ముందు కొలవాలట. రూలు.

తాళాలు దెసోలీనా దగ్గరున్నాయి.
ఎనభై ఆరేళ్లు. స్వెట్టరు మోచేతుల దగ్గర వేరే రంగు ఊలు.
"ఆ మలుపెక్కకు, గోడలా ఉంటుంది.
జారావంటే మీ ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలి."

చెక్క. అంతా చెక్కే.
కొండల మీది లార్చ్ చెట్లని సన్నగా కోసి
అంచు మీద నిలబెట్టి, ఒక్కొక్కదానికీ మేకు కొట్టి.
పడ్డ కుర్రాళ్ల తొడల్లోంచి వాళ్లమ్మ
కనుబొమల పట్టకారుతో పేళ్లు లాగుతుంటే
ఈమె లాంతరు పట్టుకునేదట.
ఆ పేళ్లన్నీ సబ్బు డబ్బాలో దాచారు.
ఎందుకో ఆమెకీ తెలీదు.

నలభై నాలుగు చలికాలం, ఊళ్లో బొగ్గు లేదు.
చప్పట్లు కొట్టిన జనమే గొడ్డళ్లతో వచ్చారు,
ఉత్తరపు మలుపు నుంచి మొదలుపెట్టారు.
"మా పొయ్యిలోనూ కాలింది. మా నాన్న బిగించిన పలకే.
సూప్ మాత్రం బాగా ఉడికింది."

యుద్ధం అయ్యాక మళ్లీ ఆయనే కట్టాడు.

నల్లగీత వెంబడి నా టేపు చుట్టి వచ్చింది.
బోర్డు మీద నాలుగు వందల మీటర్లు.
టేపు మీద మూడు వందల తొంభై ఆరున్నర.
మళ్లీ కొలిచాను. మోకాళ్లు తడిశాయి. అంతే.

గేటు పక్కన పాలరాయి:
నెవియో బ్రుసామోలిన్, 1951,
పాత రికార్డు కన్నా సెకనులో ఐదోవంతు తక్కువ.
ఆ వేగానికి ఐదోవంతంటే ఎంత దూరం
అని వేళ్లు మడిచాను. మడవకుండా ఉండాల్సింది.

ఆమె నా మొహమే చూస్తోంది.
"చెక్క చాల్లేదు. మలుపు కాస్త లోపలికి నొక్కాడు.
ఎవరికీ చెప్పొద్దని ఎనిమిదేళ్ల పిల్లకి చెప్పాడు."
నెవియో తర్వాత ట్యూబుల పంక్చర్లు వేసే కొట్టు పెట్టాడట.
ఆదివారం ఆదివారం వచ్చి
ఆ రాయిని చేతిరుమాలుతో తుడిచేవాడట,
తన పేరు ఒక్కటే కాదు, రాయంతా.

కాగితంలో చుట్టుకొలత అని ఒక గడి.
చలికి పెన్ను రాయడం లేదు.
నోటితో ఊది ఊది వెచ్చబెడుతున్నాను.

"రేపు లేనిదానికి కొలతెందుకు నాయనా," అని
ఆమె గేటు మూసింది, తాళం వేసింది,
పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది.