పక్కన స్కేలు లేకుండా

ముప్పై నాలుగేళ్లు
విరిగినవాటినే ఫోటోలు తీశాను.

మద్రాసు హార్బరు, సర్వేయరు ఆఫీసు, మెట్ల కింది గది నాది.
ఓడ దిగిన సరుకు సొట్టపడినా, చిరిగినా, తడిసినా
ముందు నాకే కబురు.
నష్టం పక్కన అడుగు పొడుగు స్టీలు స్కేలు పెట్టాలి,
అంకెలు కనబడాలి,
నా నీడ పడకూడదు.
అంతే నా కళ.

ఎన్ని చూశాననుకున్నారు!
ఉప్పునీళ్లు తాగి బస్తాల్లోనే మొలకెత్తిన పెసలు.
మూడువందల పింగాణీ బొమ్మలు, ఒక్కదానికీ మెడ లేదు.
కడుపు పగిలి తీగలు బయటికొచ్చిన పియానో ఒకటి,
హెల్పరు పళని వేలితో మీటితే
ఈనలేని ఆవులా అరిచింది గోడౌనంతా.
దానికీ పెట్టాను స్కేలు. పగులు పదకొండు అంగుళాలు.

ఒకసారి క్రేను కింద
తియ్యడానికి హెల్మెట్ ఒక్కటే మిగిలింది.
దాని పక్కనా పెట్టాను.
ఆ రోజు అంకెలు గుర్తులేవు.
లోపలి పట్టీకి అంటిన కొబ్బరినూనె వాసన గుర్తుంది.
ఫోటోలోకి వాసన రాదు గనక
క్లెయిము సాఫీగానే సాగింది.

రిటైరైన రోజు గోడగడియారం ఇచ్చారు.
ఇంటికొచ్చే ఆటోలో అద్దం బీటవేసింది.
తాయారు అయ్యో అనేలోగా
నా చెయ్యి జేబులో స్కేలు వెతికింది.

బర్మా బజారులో పాత కెమెరా ఒకటి బేరమాడి కొన్నాను.
"ఇకమీదట నీకిష్టమైనవి తీసుకో" అంది.
ఇష్టమైనవంటే ఏవో
నాకు తెలీదని తనతో చెప్పలేదు.

తెల్లారకముందే బయల్దేరేవాణ్ణి.
కాసిమేడులో నూరు పడవలుంటే
రంగు పెచ్చులూడినదాని ముందే ఆగేవి కాళ్లు.
తిరువొత్తియూరులో సముద్రం కొరికేసిన రోడ్డు,
పులికాటు బస్సులో చిరిగిన సీటు,
ఒక టీకొట్టు, అందులోనూ పగిలిన గ్లాసే.
ఎణ్ణూరు దగ్గర బూడిద మేట వేసిన ఏటి ఒడ్డున
స్కేలు గుచ్చి వంగి చూస్తుంటే
పీతల బుట్టతో ఒకామె నీళ్లలోంచి లేచి వచ్చింది.
"ఏటిని కొలుస్తున్నారా సార్?
మా డబ్బు ఎప్పుడిస్తారు?"
నా దగ్గర జవాబు లేదు.
పన్నెండంగుళాలే ఉన్నాయి.

తర్వాత రెండు నెలలు కెమెరా బీరువాలోనే ఉంది.

మళ్లీ ఎందుకెక్కానో, గుమ్మిడిపూండి లోకలు.
అత్తిపట్టులో నూనె రాసిన రెండు జడలు ఎదురుగా కూర్చున్నాయి.
"తాతా, ఆ స్కేలిస్తారా? మార్జిన్లు కొట్టుకోవాలి."
ఇచ్చాను.
బండి ఊగినప్పుడల్లా గీత వంకరపోయింది,
పిల్ల నాలుక బయటపెట్టి మళ్లీ గీసింది.
మీంజూరు రాగానే స్నేహితురాళ్లు చెయ్యి పట్టి లాగారు.
పుస్తకంలోంచి అరంగుళం స్టీలు మెరుస్తూ
ప్లాట్‌ఫారం మీద పరుగెత్తింది.

పిలవొచ్చు.
నోరు తెరిచాను కూడా.

పొన్నేరిలో దిగి, బస్సు మారి, పులికాటు చేరేసరికి
ఎండ నెత్తికెక్కింది.
వల కోసం పాతిన కర్ర మీద ఒక గూడబాతు.
చాలాసేపు నన్ను పట్టించుకోలేదు.
అలవాటుగా ఎడమచెయ్యి జేబులోకి వెళ్లింది,
బస్సు టికెట్టు తగిలింది, తిరిగొచ్చింది.
అప్పుడే అది లేవబోతూ రెక్కలు విప్పింది.
నొక్కాను.
ఫ్రేములో ఓ మూల నా నీడ కూడా పడింది.
పడనీ.

రాత్రి వంటింట్లో, ట్యూబులైటు కింద
కెమెరా వెనక చిన్న తెర చూపించాను.
కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని
"ఇది ఎంతుంటుంది?" అంది తాయారు.
ఆ ఫోటోలో చెప్పేదేమీ లేదు.
నీళ్లు, ఎండ, రెక్కలు.

ఇంత, అని చేతులు బార చాపాను.
చాల్లేదు.
తను గరిటె పక్కన పెట్టి
నా వేళ్ల చివర నుంచి తన చేతులు చాపింది,
ఒకటి కిటికీ ఊచ దాకా పోయింది.

కుక్కరు మూడో కూత వేసింది.
ఇద్దరం కదల్లేదు.