నలకలు

వార్దో దీవిలో నవంబరు చివర మునిగిన సూర్యుడు
జనవరి నడిమికిగాని తల ఎత్తడు.
మధ్యాహ్నం పన్నెండింటికి
రేవు మీద సిరా కలిపిన నీళ్ళలాంటి వెలుతురు.
అదీ గంటన్నర.

బోర్గిల్ ఎరల కొట్టంలో ఒక్కటే బల్బు,
చేపనూనె పట్టి పచ్చబడింది.
"ఇంకో దీపం పెట్టుకోనా?" అన్నాను.
"కావలసింది నీకు. నాక్కాదే," అంది.
పెట్టలేదు.

ఐఎస్ఓ పెంచుకుంటూ పోయాను.
మూడువేల రెండొందలు, ఆరువేల నాలుగొందలు,
ఆపైన అంకె చూడటం మానేశాను.
చీకటి ఉడకడం మొదలెట్టింది.
గోడ మూలల్లో, ఆమె ఉన్నికోటు మడతల్లో
ఇసుకేస్తే రాలనన్ని చుక్కలు,
నీలివి, ఎర్రవి, పేరులేని రంగువి.
మా పనిలో దీన్ని నాయిస్ అంటాం.
చప్పుడే చెయ్యని ఈ పురుగులకు
రొద అని పేరెవరు పెట్టారో!
తప్పు సెన్సార్‌ది కాదు.
అందని వెలుగు అందిందని చెప్పమని
దాని గొంతు పిసికింది నేను.

ఫోకస్ చిక్కక పీకింగ్ వేశాను.
అంచు ఎక్కడ పదునుగా ఉంటే అక్కడ
ఎర్రగీత గీసి చూపించే నమ్మకమైన నౌకరు.
ముందు గాలానికి గీసింది.
తర్వాత ఎరముక్క మీది వెండి పొలుసుకు.
తర్వాత ఆమె బొటనవేలి గోటికి.
అంతలో గోరు అక్కడ లేదు.
తొట్టికి నాలుగొందల గాలాలు, గాలానికి మూడు సెకన్లు.
నా వేళ్ళు రింగు తిప్పేసరికి
ఆమె వేళ్ళు ఇంకో గాలం మీద.

నాలుగో రోజు ఐఎస్ఓ ఇంకో మెట్టెక్కించాను.
నౌకరుకు మతి పోయింది.
ఖాళీ గోడ మీద ఎర్రగీతలు,
ఏమీ లేని నలుపు మీద ఎర్రగీతలు.
ప్రతి నలకా ఒక అంచేనని
ఒట్టేసి చెబుతోంది.
తెరకు తట్టు పోసినట్టుంది.

పీకింగ్ ఆపేసి టేపు తీశాను.
లెన్స్ నుంచి తొట్టి దాకా మీటరు ముప్పై.
రింగు మీద సుద్దగీత పెట్టుకున్నాను,
నాకు పని నేర్పిన ఓడ్వార్ పెట్టినట్టే.

కాఫీ వేళ, చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య ఇరికించుకుని
బోర్గిల్ తెర చూస్తానంది.
ముఖం పక్కకు తిప్పి, కంటికొసతో చూసింది.
అప్పుడుగాని తెలీలేదు నాకు,
ఆమె చూపుకు నడిమి భాగం లేదని.
"ఈ పాకేవేమిటి?"
"వెలుతురు చాలక."
"మూడేళ్ళుగా నాకూ ఇవే," అంది,
పరాయి ఊళ్ళో చుట్టాన్ని పోల్చుకున్నట్టు.
"డాక్టరుకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.
ఇదుగో, నువ్వు బొమ్మే తీశావు."

ట్రోమ్సోలో హల్వార్డ్ ఒక మీట జరిపాడు.
నలకలు పోయాయి.
వాటి వెంట పొలుసులు, కోటు నూగు,
ఎప్పటిదో గాలం గుచ్చుకున్న మచ్చ,
తలుపు తీసినప్పుడు లోపలికొచ్చిన మంచుపొడి.
అదీ నలకేననుకుంది యంత్రం.
మైనపు చెయ్యి ఒకటి
మైనపు ముక్కను గాలానికి గుచ్చుతోంది.
"శుభ్రంగా ఉంది కదా," అన్నాడు.
ఉంది. శవానికి స్నానం చేయించినట్టు.

రెండు గంటలు పోట్లాడుకుని
సగానికి తగ్గించాం.
ఇద్దరికీ నచ్చలేదు.

ఒక్క షాటు మాత్రం ఎవరం ముట్టుకోలేదు.
రేవులో ఏదో పడవ ఇంజను ఆగింది,
బోర్గిల్ తల ఎత్తింది.
ముఖం నా సుద్దగీత దాటి ముందుకొచ్చింది.
ఫోకస్ వెనకాల మేకుకున్న
రబ్బరు తొడుగుల దగ్గరే ఉండిపోయింది.
పదకొండు సెకన్లు.
రింగు నా చేతిలోనే ఉంది, తిప్పలేదు.
ఆమె నాకేసి చూస్తోంది.
నేను కనబడుతున్నానో, నలకల గుంపే కనబడుతోందో
అడగలేదు.
తెర అడుగున, మసకగా
ఆ చెయ్యి మాత్రం ఆగలేదు.
ఎర, గాలం, తాడు.
ఎర, గాలం,